ప్రసవవేదన: ఉపమానమూ, సూదీ

ఆ మధ్య అమలాపురంలో జరిగిన ఒక కవితాగోష్ఠిలో ఒక యువకవి మాట్లాడుతూ, తన దీర్ఘకవిత పూర్తి కావడానికి ఆరు నెలలు పట్టిందనీ, ఆ ఆరు నెలలూ తాను అక్షరాలా ప్రసవవేదన అనుభవించాననీ చెప్పాడు. సభ చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. వెనుక బల్ల మీద కూర్చున్న ఒకావిడ మాత్రం నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ హాలు ఊడ్చి, తాళాలు చూసుకునే మనిషి ఆవిడ. నలుగుర్ని కన్న తల్లి. గోష్ఠి అయిన తరువాత ఎందుకు నవ్వావని అడిగాను. "ఏం లేదండి, ఆ బాబుకి కుట్లెన్ని పడ్డాయో అడుగుదామనుకున్నానండి, ఆయ్" అన్నది.

ఆ నవ్వును ఒక సాహిత్యవిమర్శగా స్వీకరించడం మన విధి అని నాకు తోచింది. ఈ వ్యాసం దాని ఫలితమే.

ప్రసవవేదన అనే మాట మన అభ్యుదయ సాహిత్యంలో ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టడం కష్టం. నవసమాజం పుట్టేటప్పుడు పాత సమాజం పడేది ప్రసవవేదన; విప్లవం మంత్రసాని; ఉదయం రక్తపు మడుగులో పుట్టిన శిశువు. మాటకు మూలం మనందరికీ తెలిసిందే. 1867లో "పెట్టుబడి" మొదటి సంపుటానికి రాసిన ముందుమాటలో మార్క్స్, ఏ సమాజమూ తన పరిణామదశలను దూకి దాటిపోలేదు గాని, ఆ పురిటి నొప్పులను తగ్గించుకోగలదు, వాటి కాలాన్ని కుదించుకోగలదు అనే అర్థం వచ్చే మాట అన్నాడు. మన కవులు ఆ మాటలో నొప్పిని తీసుకున్నారు, తగ్గించడాన్ని వదిలేశారు. ఎంత ఎక్కువ నొప్పి పడితే అంత గొప్ప బిడ్డ పుడుతుందన్నట్లు రాశారు. ఆ వాక్యం రాసిన మనిషి భార్య జెన్నీ ఏడుగురు బిడ్డలను కన్నది; వారిలో పెరిగి పెద్దయినవారు ముగ్గురే. ఆయనకు నొప్పి తగ్గించడమనేది అలంకారశాస్త్రంలోని మాట కాదు.

మన వేదాంతం సంగతి మరీ చిత్రం. గర్భోపనిషత్తు చదివినవారికి తెలుసు, అందులో కడుపులో ఉన్న జీవుడు పడే యాతన ఉంది, ఇరుకుదారిలో నలిగి బయటపడేటప్పుడు పడే బాధ ఉంది, పుట్టగానే పూర్వస్మృతి పోగొట్టుకునే దుఃఖం ఉంది. ఆ ఇరుకుదారి ఎవరిదో ఆ మనిషి మాత్రం అందులో లేదు. పుట్టేవాడి నొప్పి తత్త్వమైంది. కనేదాని నొప్పి మైల అయింది. పురిటిగదిలో చెయ్యిపెట్టి బొడ్డు కోసిన మంత్రసాని పదోరోజు దాటిన తరువాత ఆ ఇంటి వంటింటి గడప దాటడానికి వీల్లేదు. కాన్పు కష్టమైతే ఆవిడ కావాలి, కాన్పు అయిన తరువాత ఆవిడ కులం కావాలి.

ఇదంతా భూస్వామ్య సంస్కృతి అని మనం సులువుగా కొట్టిపారెయ్యవచ్చు. మన సొంత ఇంటి సంగతి చూసుకుందాం. అభ్యుదయ కథల్లో పదేపదే కనిపించే ఒక స్త్రీ ఉన్నది. నిండు చూలాలు. ఊడ్పులకు వచ్చింది. మధ్యాహ్నం నొప్పులు వస్తే గట్టు మీదికి వెళ్ళి, చెట్టుచాటున కని, కొడవలితో బొడ్డు కోసుకుని, బిడ్డను గోనెపట్టా మీద పడుకోబెట్టి సాయంత్రానికి మళ్ళీ మడిలో దిగుతుంది. రచయిత ఆమెకు చేతులెత్తి మొక్కుతాడు. శ్రామికస్త్రీ శక్తి అంటాడు. నా విద్యార్థులకు ఈ కథలు ముప్పయి ఏళ్ళు పాఠం చెప్పాను గనక నా తప్పు కూడా ఇందులో ఉన్నది.

ఈ బొమ్మ ఎక్కడి నుంచి వచ్చింది? సామ్రాజ్యవాదుల వైద్యగ్రంథాల నుంచి. నాగరిక స్త్రీలు నాజూకు గనక నొప్పి ఎరుగుదురనీ, నల్లవాళ్ళూ, కూలివాళ్ళూ, అడవివాళ్ళూ పశువుల్లాగా సునాయాసంగా ఈనుతారనీ పందొమ్మిదో శతాబ్దపు దొరలు నమ్మారు. 1933లో "సహజప్రసవం" సిద్ధాంతం చెప్పిన ఇంగ్లీషు వైద్యుడు గ్రాంట్లీ డిక్-రీడ్ కూడా ఈ 'ఆదిమ స్త్రీ'ని ఆదర్శంగా పెట్టుకున్నాడు. భయమే నొప్పిని పెంచుతుందన్న ఆయన పరిశీలనలో కొంత నిజం ఉన్నది. ఆదిమ స్త్రీకి నొప్పి లేదన్నదానిలో ఏమీ లేదు. భూస్వామికి ఈ నమ్మకం ఎంత లాభమో చెప్పనక్కర్లేదు: నొప్పి తెలియని మనిషికి సెలవెందుకు, సాయమెందుకు? ఆ నమ్మకానికే మనం ఎర్రరంగు వేసి ప్రచురించాం.

కాన్పుగదిని గుమ్మం బయటి నుంచి కాక లోపలినుంచి చూపించినవారు మన సంఘపు రచయితలు కారు, స్త్రీవాద కవయిత్రులు. కొండేపూడి నిర్మల "లేబర్ రూం" వచ్చినప్పుడు మనలో కొందరు పెద్దలు ముఖం చిట్లించుకున్నారు. 1993లో "నీలిమేఘాలు" సంకలనం వచ్చినప్పుడు మళ్ళీ చిట్లించుకున్నారు. వర్గపోరాటాన్ని పక్కదారి పట్టిస్తున్నారన్నారు. ఆ మాట అన్నవారిలో ఒక్కరైనా లేబర్ రూములో కూలిమనిషి ఏ మాటలు పడుతుందో అడిగి ఉంటే వర్గం అక్కడే, ఆ ఇనుప బల్ల మీదే కనిపించి ఉండేది.

నేను పడ్డాను గనక చెబుతున్నాను. నా మొదటి కాన్పు ఒక ప్రభుత్వాసుపత్రిలో. అరిస్తే తొడ మీద కొట్టారు. మొగుడి దగ్గర పడుకున్నప్పుడు ఈ అరుపులు ఏమయ్యాయని అడిగారు. పక్క బల్ల మీది మనిషిని ఇంకా గట్టిగా కొట్టారు. ఆమె లంకలోంచి పడవ మీద వచ్చిన కూలిమనిషి, నేను లెక్చరరమ్మను. రెండో కాన్పుకు ఆపరేషను చేశారు. అప్పుడు వెన్నులో సూది వేశారు. ఆ సూది దగ్గరే అసలు విషయం మొదలవుతుంది.

కోనసీమలో ఏ ఊరి అరుగు మీదైనా పది నిమిషాలు కూర్చోండి. ముప్పయి దాటిన ప్రతి మూడో ఆడమనిషీ నడుము పట్టుకుని ఒకే మాట చెబుతుంది: "ఆ వెన్నులో సూది పొడిపించుకున్న కాడ్నుంచీ నడుం లేవట్లేదండి." రాజోలులో ఇదే మాట, కొత్తపేటలో ఇదే మాట. ఇది ఇప్పుడు మన జనశ్రుతిలో భాగం. ఈ ఏడాది కొత్తపేటలో ఉన్న నా మేనకోడలు తొలిచూలుతో ఉండి నన్ను అడిగింది: "అత్తా, నొప్పులు తెలియకుండా సూది ఇస్తారట, తీసుకోనా? తీసుకుంటే జన్మంతా నడుము నొప్పేనంటుంది మా అత్తగారు. పుట్టే పిల్లకి మాటలు రావని ఫోనులో కూడా ఏదో వచ్చింది." నా నడుము కూడా నొప్పే. అయినా సాహిత్యం చదివిన మనిషిని గనక, నా నడుమును ప్రమాణంగా తీసుకోకుండా కొంత చదివాను.

నొప్పి తీర్చడం హానికరమా అనే ప్రశ్న కొత్తది కాదు, అనవసరమైనదీ కాదు. 1847లో ఎడిన్‌బరోలో సింప్సన్ కాన్పులకు క్లోరోఫారం వాడినప్పుడు మతపెద్దలు కొందరు, స్త్రీ నొప్పితో కనాలన్నది దైవశాసనం అన్నారు. 1853లో విక్టోరియా రాణి ఎనిమిదో కాన్పులో జాన్ స్నో ఆమెకు రుమాలు మీద క్లోరోఫారం పోసి ఇచ్చాడు. మరుసటి ఏడే లండనులో కలరా నీళ్ళ ద్వారా వస్తుందని చూపించినవాడూ ఆయనే. రాణి పీల్చిన తరువాత దైవశాసనం కాస్త మెత్తబడింది. అయితే క్లోరోఫారం కొందరిని చంపింది కూడా. ఎట్లా చంపుతున్నదో తేల్చడానికి జరిగిన పెద్ద ప్రయత్నం మన తెలుగు నేల మీదే జరిగిందని ఎందరికి తెలుసు? 1888లోనూ 1889లోనూ నిజాము డబ్బుతో హైదరాబాదు క్లోరోఫారం కమిషన్లు కూర్చున్నాయి. రెసిడెన్సీ సర్జన్ లారీ వందల జంతువుల మీద ప్రయోగాలు చేసి, క్లోరోఫారం శ్వాసను ఆపుతుందే గాని గుండెకు నేరుగా హాని చెయ్యదని తీర్పు చెప్పాడు. శ్వాస చూసుకుంటే చాలన్నాడు. 1911లో లెవీ అనే శాస్త్రజ్ఞుడు, తేలిక మత్తులో ఉండగానే క్లోరోఫారం గుండెను హఠాత్తుగా ఆపగలదని ప్రయోగంతో చూపించేసరికి ఆ తీర్పు కూలిపోయింది. ఈ హైదరాబాదులోనే లారీ దగ్గర చదివి, మత్తు ఇవ్వడం నేర్చి, 1909లో ఎడిన్‌బరో వెళ్ళి మరింత చదివిన రూపాబాయి ఫర్దూంజీ ప్రపంచంలోనే తొలి మహిళా మత్తువైద్యురాలని చరిత్రకారులు అంటారు. మన పాఠ్యపుస్తకాల్లో ఆమెకు చోటు లేదు.

తరువాత జర్మనీలో "సంధ్యానిద్ర" వచ్చింది: మార్ఫిను, స్కోపొలమిను కలిపి ఇస్తే స్త్రీ నొప్పి పడుతుంది గాని పడినట్లు గుర్తుండదు. ఇంతకన్న నీచమైన పరిష్కారం నాకు తెలియదు. 1939లో పెథిడిన్ వచ్చింది. అది మాయ దాటి బిడ్డకు చేరుతుంది, కాన్పుకు కొద్దిగా ముందు ఇస్తే బిడ్డ మగతగా పుడుతుంది, ఊపిరి మందగిస్తుంది. అంటే భయపడ్డవాళ్ళందరూ మూఢులు కారు.

మన పక్షం ఈ విషయంలో చేసిన ప్రయత్నాన్ని ఇప్పటి విద్యార్థులు బొత్తిగా ఎరగరు. ఖార్కోవ్‌లో వెల్వోవ్‌స్కీ మొదలైనవారు, పావ్‌లోవ్ సిద్ధాంతం ఆధారంగా, స్త్రీకి కాన్పు ఎట్లా జరుగుతుందో ముందుగా నేర్పి, ఊపిరి పద్ధతులు అలవాటు చేస్తే నొప్పి తగ్గుతుందన్నారు. 1951లో సోవియట్ ప్రభుత్వం దానిని దేశమంతా అమలు చెయ్యమన్నది. ఆ ఏడే లెనిన్‌గ్రాడ్ వెళ్ళి చూసిన ఫ్రెంచి వైద్యుడు లమాజ్, పారిస్‌లో లోహకార్మికుల యూనియన్ నడిపే ప్రసూతి ఆసుపత్రిలో దాన్ని ప్రారంభించాడు. ఆ ఆసుపత్రి కార్మికులది! ఫ్రెంచి కమ్యూనిస్టులు దానికోసం ప్రచారం చేశారు. 1956లో పోప్ కూడా అందులో అభ్యంతరమేమీ లేదని ఒప్పుకోవలసి వచ్చింది. ఈనాడు అమెరికాలో సంపన్న దంపతులు డబ్బు కట్టి నేర్చుకునే "లమాజ్ తరగతులు" కార్మికోద్యమపు సొత్తు. ఆ రోజుల్లో మనకూ ఆ అవకాశం లేకపోలేదు. కొమర్రాజు లక్ష్మణరావు కుమార్తె అచ్చమాంబ వైద్యురాలు, కమ్యూనిస్టు ఉద్యమంలో పనిచేసిన మనిషి, 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికైన మనిషి. ఆమె వంటివారు కాన్పు గురించి తెలుగులో చెప్పుకొచ్చారు. ఆమె శ్రద్ధను మనం ఉద్యమచరిత్రలో ఒక పేరాకు కుదించి, కాన్పును వైద్యులకు వదిలేశాం.

అయితే ఆ సోవియట్ పద్ధతిని కూడా విమర్శ లేకుండా మెచ్చుకోలేను. మత్తుమందులూ మత్తువైద్యులూ చాలని యుద్ధానంతర దేశంలో మాటలతో నొప్పి తగ్గించడం చవకైన ఉపాయం కూడా. నొప్పి కేవలం తప్పుడు అలవాటు అని సిద్ధాంతీకరించాక, ఇంకా నొప్పి పడుతున్న స్త్రీ సరిగా నేర్చుకోనిదవుతుంది. గట్టు మీద కన్న కథానాయికకూ, ఊపిరి పద్ధతి తప్పిందని సిగ్గుపడే పారిస్ కార్మికురాలికీ చుట్టరికం ఉన్నది. ఇద్దరినీ అరవకుండా చూసుకున్నది సిద్ధాంతమే.

ఇక సూది. ముందుగా ఒక గందరగోళం తొలగించాలి. మన ఊళ్ళలో 'వెన్నులో సూది' అన్నది దాదాపు ఎప్పుడూ నొప్పుల కోసం ఇచ్చింది కాదు. ఆపరేషను కోసం ఇచ్చింది. దానికి వెన్నుపాము చుట్టూ ఉన్న పొర లోపలి నీటిలోకి ఒక్కసారి మందు వేస్తారు. నొప్పుల కోసం ఇచ్చే ఎపిడ్యూరల్‌కు ఆ పొర బయటనే సన్నని గొట్టం ఉంచి, బ్యూపివకేన్ వంటి మందును తక్కువ మోతాదులో కొద్దికొద్దిగా ఇస్తారు. రెండింటికీ సూది దిగేది వెన్నుపాము ముగిసిన చోటుకు దిగువనే.

నడుము నొప్పి సంగతి. ఈ అనుమానం అరుగు మీదే పుట్టలేదు. 1990లో బర్మింగ్‌హాంలో సుమారు 11,700 మంది తల్లులను ఏళ్ళ తరువాత అడిగితే, ఎపిడ్యూరల్ తీసుకున్నవారిలో 18.9 శాతం, తీసుకోనివారిలో 10.5 శాతం దీర్ఘకాలపు నడుము నొప్పి చెప్పారు. అరుగు గెలిచినట్లే కనిపించింది. కాని అది జ్ఞాపకం మీద ఆధారపడ్డ లెక్క; సూది తీసుకున్నవారు ఎక్కువగా కష్టమైన, దీర్ఘమైన కాన్పులు పడ్డవారు. తరువాత ఇంగ్లండులోనే 369 మంది స్త్రీలను చీటీలు వేసినట్లు రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు ఎపిడ్యూరల్, మరొక జట్టుకు వేరే ఉపశమనం ఇచ్చి, రెండేళ్ళ పైన చూశారు. 2002లో వచ్చిన ఫలితం: నడుము నొప్పిలో తేడా లేదు. 2018లో కాక్రేన్ సంస్థ 40 పరీక్షలను, 11,000 పైచిలుకు స్త్రీల వివరాలను కూడగట్టి చూసినప్పుడూ అదే తేలింది. సిజేరియన్లు పెరగవని కూడా తేలింది.

పిల్లల మాట సంగతి. 2020లో కాలిఫోర్నియా నుంచి వచ్చిన ఒక పరిశీలనలో సుమారు 1,48,000 మంది పిల్లలను చూస్తే, తల్లి ఎపిడ్యూరల్ తీసుకున్న పిల్లల్లో 1.9 శాతానికీ, తీసుకోనివారి పిల్లల్లో 1.3 శాతానికీ ఆటిజం ఉన్నట్లు తేలింది. ఫోనుల్లో తిరిగింది ఆ కబురే. మరుసటి ఏడు డెన్మార్కులో 4,79,000 మంది పిల్లల లెక్క చూస్తే, తల్లుల వయసు, ఆరోగ్యం, చదువు మొదలైనవి సరిచూసిన తరువాత, సంబంధం కనిపించలేదు. ఈ రెండో కబురు ఏ ఫోనులోనూ తిరగలేదు. భయం రవాణాకు పంటు అక్కర్లేదు. ధైర్యం మాత్రం కోటిపల్లి రేవులో పడవకోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది.

నిజమైన ఇబ్బందులు ఉన్నాయి. వాటిని దాచడం శాస్త్రీయం కాదు. రక్తపోటు పడిపోవచ్చు, దురద, జ్వరం రావచ్చు, కాళ్ళు బరువెక్కి చివరి ఘట్టం సాగవచ్చు. ఎపిడ్యూరల్ సూది పొరపాటున పొరను చీలిస్తే - సుమారు నూరింటికి ఒకరికి - తల లేపలేనంత నొప్పి వస్తుంది. అట్లా జరిగినవారిలో కొందరికి తలనొప్పి, నడుము నొప్పి నెలల తరబడి ఉండిపోతాయని పరిశీలనలు చెబుతున్నాయి. నరాలకు శాశ్వత హాని బహు అరుదు. ఈ మాటలన్నీ కాన్పుకు నెలల ముందే ఆమెకు తెలుగులో చెప్పవలసినవి. బల్ల మీద పడుకోబెట్టి కాగితం మీద వేలిముద్ర వేయించుకునేటప్పుడు కాదు.

అయితే మన ఆడవాళ్ళ నడుములు ఎందుకు నొప్పి? అబద్ధం చెబుతున్నారా? కాదు. ఇక్కడ మనలో చదువుకున్నవారు రెండో తప్పు చేస్తారు: మూఢనమ్మకమని నవ్వేస్తారు. నొప్పి నిజం, కారణం వేరు. గర్భం కీళ్ళను వదులు చేస్తుంది, పొట్టకండరాలను సాగదీస్తుంది. ఆపరేషను ఆ కండరాల దగ్గరే కోస్తుంది. దాని మీద రక్తం లేదు: 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో 58.8 శాతం రక్తహీనులు. దాని మీద పని. కొబ్బరిపీచు మిల్లులో రోజంతా వంగి కూర్చునే ఒకామె నాతో అన్నది: "మూడో నెల్లో పన్లోకొచ్చేశానండి. పని వల్ల నొప్పొస్తే పని మానాలి కదండీ టీచరుగారూ. సూది వల్లనుకుంటే పర్లేదండి." ఇంత స్పష్టంగా ఆర్థికపునాది చెప్పిన వాక్యం నేను మన పత్రికల్లో ఈ మధ్య చదవలేదు. రాజోలు వైపు ఐదు నెలల బిడ్డను తల్లికి అప్పగించి కువైట్ ఇళ్ళపనికి వెళ్ళినవాళ్ళున్నారు. వాళ్ళు అక్కడ నుంచి ఫోను చేసి చెప్పేదీ సూది మాటే. 2017లో ప్రసూతి సెలవు 26 వారాలకు పెంచిన చట్టం ఊడ్పుల మడి దాకా రాలేదు. సూది నేరం ఒప్పుకుంటే మడీ, మిల్లూ, మొగుడూ, కువైట్ యజమానీ అందరూ నిర్దోషులవుతారు.

ఇంకా పెద్ద వ్యంగ్యం ఒకటున్నది. అదే సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 42.4 శాతం కాన్పులు ఆపరేషన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లో 63 శాతం. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5 శాతం. దేశం మొత్తం మీద 21.5. ఇందులో ముహూర్తం పెట్టించుకుని కోయించుకునేవారూ ఉన్నారు, నొప్పులకు జడిసి కోయించుకునేవారూ ఉన్నారు. అంటే వెన్నులో సూది వెయ్యగల చెయ్యి మనకు కొరత కాదు, అది ఇరవై నాలుగు గంటలు నొప్పులు పడుతున్న మనిషి దగ్గర కూర్చోదు, నలభై నిమిషాల ఆపరేషనుకు వచ్చి వెడుతుంది. కోరిన ఆరోగ్యవంతురాలికి ఎపిడ్యూరల్ ఇవ్వవచ్చుననీ, ఇష్టమైన తోడు మనిషిని పక్కన ఉండనివ్వాలనీ, నడుము మర్దన, ఊపిరి పద్ధతులు కూడా ఉపయోగమేననీ 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఇందులో తోడుకూ మర్దనకూ ఖర్చు లేదు. మంత్రసాని చేసినది అదే. నడుము మీద చెయ్యి వేసి రాత్రంతా కూర్చునేది. ఆవిడ మురికిచేతులను తప్పించడం సరైనదే, దాంతోపాటు ఆ చేతిని కూడా తప్పించాం.

మేనకోడలికి ఇదంతా చెప్పాను. నీ ఇష్టం, నీ నడుము, కావాలనుకుంటే అడుగు అన్నాను. నేనూ వెంట వెళ్ళాను. పట్టణంలో ఒక నర్సింగుహోము. డాక్టరమ్మ ఓపికగానే విన్నది. "నొప్పులకి సూదా? మా దగ్గర ఆ సదుపాయం లేదమ్మా. మత్తు డాక్టరుగారు ఫోను చేస్తే కాకినాడ నుంచి వస్తారు, ఆపరేషనుకైతే" అన్నది. తరువాత కాగితం తీసి, "పంతులుగారిని అడిగి మంచి టైము రాయించుకు రండి" అన్నది.

మేనకోడలు నా వైపు చూసింది. నేను నడుము మీద చెయ్యి పెట్టుకుని లేచాను.